నల్లపక్షి వీపు మీద వెండిగీతలు

కొంగ తెల్లగా ఉంటుంది, నీటికాకి నల్లగా ఉంటుంది. ఈ సంగతి చెప్పడానికి సైన్సు మాస్టారు అక్కర్లేదు. కాని ఒకసారి కెమెరాను అడిగి చూడండి. ఎండకు తళతళలాడే నీటి ముందు కూర్చున్న పక్షి ఏదైనా సరే, "నల్లగా ఉంది" అనే చెబుతుంది. ముక్కు, కన్ను, ఈకలు అన్నీ కలిసిపోయి బొగ్గుతో గీసిన బొమ్మలా వస్తుంది.

"దానికేముంది మాస్టారూ! కంప్యూటర్లో పెట్టి నీడ భాగాన్ని కాస్త పైకి లాగితే అన్నీ కనిపిస్తాయి" అంటారు మీరు. నిజమే, కనిపిస్తాయి. అయితే కనిపించేవన్నీ అక్కడ ఉన్నవేనా? ఈ ప్రశ్నకు జవాబు తెలియక మా బడి పిల్లలూ, వాళ్లతోపాటు నేనూ ఒకసారి బోల్తాపడ్డాం. ఆ కథే చెబుతాను.

ఆటపాకలో ఏం జరిగింది?

2023 డిసెంబరులో ఒక ఆదివారం మా పిల్లలు పాతికమందిని వెంటబెట్టుకుని ఆటపాక వెళ్లాను. ఇది ఏలూరు జిల్లా కైకలూరుకు పక్కనే, కొల్లేరు అంచున ఉన్న పక్షుల కేంద్రం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. నీటిపక్షులకు ఆధారమైన చిత్తడి నేలల్ని కాపాడుకోవాలని 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కొన్ని దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం కింద కొల్లేరుకు 2002లో గుర్తింపు వచ్చింది. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి అటవీశాఖవారు నీళ్లలో ఇనప స్టాండ్లు పాతారు. వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు బారులు తీరి కూర్చుంటాయి.

మేం చేయవలసిన పని పక్షుల్ని లెక్కపెట్టడం. ఏ పక్షి, ఎన్ని అన్నది ఒక జాబితా రాయాలి. అరుదుగా కనబడిన పక్షికి ఫొటో సాక్ష్యం కూడా ఉండాలి. ఆ జాబితాను సైన్సు ప్రదర్శనలో పెట్టాలని అనుకున్నాం.

అంతకు ముందటేడు తీసిన ఫొటోల్లో గూడబాతులు సున్నం కొట్టిన గోడల్లా వచ్చాయి. ఒక్క ఈక కూడా కనబడలేదు. అంచేత ఈసారి నేను ముందే హెచ్చరించాను: "ఒరేయ్, అందరూ వెలుగు రెండు మెట్లు తగ్గించి తీయండి." ఫొటోగ్రఫీలో 'స్టాప్' అనేదాన్నే మెట్టు అంటున్నాను. ఒక మెట్టు దిగితే కెమెరాలో పడే కాంతి సగమవుతుంది. రెండు మెట్లు దిగితే పావు వంతు. నా హెచ్చరికలో ఒక తప్పుంది. అదేమిటో తరవాత చెబుతాను.

మధ్యాహ్నం దాటింది. సూర్యుడు మాకు ఎదురుగా ఉన్నాడు. ఒక స్టాండు అడుగుభాగంలో, నీడలో, నల్లటి పక్షి ఒకటి మెడా ముక్కూ వీపు ఈకల్లో దాచుకుని నిద్రపోతోంది. అది నీటికాకా, లేక డార్టరా? డార్టర్ మెడ పాములా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముక్కు బాకులా సూటిగా ఉంటుంది. ఈదేటప్పుడు ఒళ్లంతా నీళ్లలో ఉండి మెడ మాత్రమే పైకి కనబడుతుంది. నీటికాకి ముక్కు కొస కొక్కెంలా వంగి ఉంటుంది. మరి మెడా ముక్కూ రెండూ దాచేసుకున్న పక్షిని పోల్చుకునేదెట్లా? దానికి ఒక గుర్తుంది. డార్టర్ వీపు మీద, రెక్కల మీద వెండిరంగు గీతలుంటాయి. నీటికాకికి అవి ఉండవు.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బడికున్న ఒకే ఒక్క జూమ్ కెమెరాతో దాన్ని ఫొటో తీశాడు. మర్నాడు కంప్యూటర్లో నీడ భాగాన్ని పైకి లాగేసరికి నల్లటి వీపు మీద తెల్లటి గీతలు ప్రత్యక్షమయ్యాయి! "డార్టరే మాస్టారూ!" అని గంతేశాడు. నేనూ చూసి "భేష్" అన్నాను. జాబితాలో 'డార్టర్లు 2' అని ఉన్నదాన్ని కొట్టేసి '3' అని రాసుకున్నాం.

వెనక నిలబడి చూస్తున్న ఒక అమ్మాయి మెల్లిగా అడిగింది: "మాస్టారూ, ఆ గీతలు పక్షి మీద మాత్రమే ఉన్నాయా? కింద నీడలో ఉన్న ఇనప కమ్మీ మీద కూడా ఉన్నాయే! ఇనప కమ్మీకి వెండి ఈకలుండవు కదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

కంటికి కనబడింది కెమెరాకు ఎందుకు కనబడదు?

సంగతి మొదటినుంచీ చూద్దాం. ఆ పక్షిని మేమంతా కళ్లతో చూశాం. నీడలో ఉన్నా దాని ఆకారం బాగానే తెలిసింది. కెమెరాకేం వచ్చింది?

మన కంటిపాప ఎండలో సుమారు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో ఇంచుమించు 8 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. వ్యాసం 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లు. అంటే 16 రెట్లు ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది. దీనికి తోడు కంటిలోని రెటీనా కూడా తన సున్నితత్వాన్ని మార్చుకుంటుంది. మీరు ఒక దృశ్యాన్ని చూస్తున్నప్పుడు కన్ను ఒకచోట నిలవదు. మెరిసే నీటి మీద ఒక క్షణం, నీడలోని పక్షి మీద ఒక క్షణం తిరుగుతూనే ఉంటుంది. వీటన్నిటినీ కలిపి మెదడు ఒకే బొమ్మగా అల్లుతుంది.

కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. నీటికీ, కొంగకూ, నీడలోని పక్షికీ, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క కొలత. పైగా కెమెరాలోని కాంతిమాపకం తన ముందున్న దృశ్యమంతా సగటున ఒక మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని అనుకుంటుంది. ముందు తళతళలాడే నీళ్లుంటే "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అని కాంతిని తగ్గించేస్తుంది. అంటే కెమెరా తనంత తానే కొన్ని మెట్లు దిగింది. ఆపైన నేను ఇంకో రెండు మెట్లు దింపాను!

గిన్నెల్లో వాన

డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండే చోట సిలికాన్ పలక ఉంటుంది. దాన్ని సెన్సరు అంటారు. దాని మీద కొన్ని లక్షల, కోట్ల చిన్నచిన్న గళ్లుంటాయి. కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, గడి మీద పడినప్పుడు సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. కాంతి కణాలుగా వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఇలాంటి సెన్సర్లలో తొలిదైన సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో బాయిల్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించారు. దానికి 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్కో గడినీ వానలో పెట్టిన గిన్నె అనుకోండి. చినుకులే ఫోటాన్లు. గిన్నె నిండితే ఏమవుతుంది? పైన పడిన నీళ్లన్నీ పొర్లిపోతాయి. ఎన్ని పొర్లాయో ఇక లెక్క తెలియదు. మా గూడబాతులు సున్నపు గోడలైంది ఇందుకే. ఒక ఈకకూ ఇంకో ఈకకూ మధ్య తేడా పొర్లిపోయింది. దాన్ని ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు.

మరి గిన్నెలో నాలుగే చినుకులు పడితే? అక్కడ ఇంకో చిక్కుంది. వాన చినుకులు వరస కట్టి రావు. పక్కపక్కన పెట్టిన రెండు గిన్నెల్లో ఒకదానిలో 4 పడితే, రెండోదానిలో 2 పడవచ్చు, 6 పడవచ్చు. గణితశాస్త్రం చెప్పేదేమంటే, సగటున ఎన్ని చినుకులు పడతాయో దాని వర్గమూలమంత ఎగుడుదిగుడు మామూలుగా ఉంటుంది. ఈ లెక్క చూడండి:

సగటు 10,000 అయితే ఎగుడుదిగుడు 100, అంటే 1 శాతం.
సగటు 100 అయితే ఎగుడుదిగుడు 10, అంటే 10 శాతం.
సగటు 25 అయితే ఎగుడుదిగుడు 5, అంటే 20 శాతం.
సగటు 4 అయితే ఎగుడుదిగుడు 2, అంటే 50 శాతం!

ఈ ఎగుడుదిగుడునే 'నాయిస్' అంటారు. ఫొటోలో ఇది ఇసుక చల్లినట్టు కనబడుతుంది. వెలుగు భాగంలో కూడా ఉంటుంది కాని, 1 శాతం తేడా కంటికి ఆనదు. నీడ భాగంలో అయితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నీడను పైకి లాగితే

ఎడిటింగ్‌లో 'షాడోస్' అనే మీటను జరిపినప్పుడు కంప్యూటరు చేసేది నిజానికి గుణకారమే. చీకటి గళ్లలోని అంకెల్ని పెద్దవి చేస్తుంది, వెలుగు గళ్ల జోలికి అంతగా పోదు.

మన నిద్రపోయే పక్షి సంగతి చూద్దాం. నిండుగా 6,400 ఎలక్ట్రాన్లు పట్టే గిన్నెలనుకుందాం. ఎండలోని గూడబాతు ఈకలకు గిన్నె దాదాపు నిండింది. నీడలో ఉన్న నల్లపక్షి నుంచి వచ్చే కాంతి అందులో 64వ వంతు, అంటే 6 మెట్లు తక్కువ. దాని వంతుకు 100 ఎలక్ట్రాన్లు. ఎగుడుదిగుడు 10. ఇప్పుడు నా సలహా పాటించి ఇంకో రెండు మెట్లు దిగితే మిగిలేది 25. ఎగుడుదిగుడు 5.

ఇప్పుడు 16 పెట్టి హెచ్చించండి. 25 కాస్తా 400 అయింది. బాగుంది! కాని 5 కూడా 80 అయి కూర్చుంది. నిష్పత్తి అదే 20 శాతం. గుణకారం వల్ల వెలుగు పెరిగింది గాని, సమాచారం ఒక్క పిసరు కూడా పెరగలేదు. పాలల్లో నీళ్లు పోస్తే చెంబు నిండుతుంది. పాలు పెరుగుతాయా?

మరి గీతలెక్కడివి?

నాయిస్ అంటే ఇసుక చల్లినట్టుండాలి కదా, గీతలెలా వచ్చాయి? రెండు కారణాలున్నాయి.

మొదటిది, సెన్సరులోని అంకెల్ని కెమెరా ఒక్కో వరసగా చదువుతుంది. ఒక వరసను చదివేటప్పుడు విద్యుత్ వలయంలో కాస్త తేడా వస్తే ఆ వరస మొత్తం కొంచెం తెల్లగానో నల్లగానో మారుతుంది. మామూలుగా ఇది కంటికి ఆనదు. 16 రెట్లు హెచ్చిస్తే గీతై కూర్చుంటుంది.

రెండోది, మేం వాడింది జేపెగ్ ఫైలు. స్థలం పొదుపు చేయడానికి ఈ పద్ధతి బొమ్మను పొడవుకు 8, వెడల్పుకు 8 చుక్కలుండే గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోనూ కంటికి ఆనని సన్నని తేడాలను పారేస్తుంది. చీకట్లో ఉన్న పక్షి ఈకలు కూడా దాని దృష్టిలో పారేయదగినవే! తరవాత నీడను పైకి లాగితే ఈకలకు బదులు ఆ గళ్ల అంచులు పైకి తేలతాయి.

ఆ అమ్మాయి ప్రశ్న విన్నాక బొమ్మను పెద్దది చేసి అందరం చూశాం. పక్షి కొంచెం ఏటవాలుగా కూర్చుంది. నిజమైన ఈకల గీతలైతే దాని ఒంటితోపాటు ఏటవాలుగా సాగాలి. ఇవి మాత్రం ఫొటో అంచుకు సమాంతరంగా, గీటుపెట్టె స్కేలుతో గీసినట్టున్నాయి. పక్షి మీద, ఇనప కమ్మీ మీద, వెనకాల నీడ మీద, అన్నిచోట్లా ఒక్కలాగే ఉన్నాయి. అవి పక్షివి కావు, కెమెరావి.

దీన్నుంచి ఒక మంచి సూత్రం నేర్చుకున్నాం. నీడలో ఏదైనా కొత్తగా కనబడితే, అది ఉండడానికి వీల్లేని చోటు కూడా ఒకటి వెదికి చూడాలి. అక్కడా కనబడితే అది వస్తువుది కాదు. ప్రయోగశాలలో మనం 'కంట్రోలు' పెట్టుకునేది ఇందుకే కదా!

బియ్యం గింజలతో ప్రయోగం

ఇదంతా ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక చెప్పుల పెట్టె మూత తీసుకోండి. దాని లోపల సరిపడే తెల్లకాగితం పరిచి, 6 నిలువు, 4 అడ్డం గళ్లు, మొత్తం 24 సమానమైన గళ్లు గీయండి. 48 బియ్యం గింజలు లెక్కపెట్టి, ఒక మూర ఎత్తు నుంచి మూత అంతటా పడేట్టు చల్లండి. సగటున గడికి 2 పడాలి. లెక్కపెడితే కొన్నిటిలో 4, 5 ఉంటాయి, కొన్ని ఖాళీగా ఉంటాయి. ఇప్పుడు ఓపికగా 480 గింజలు లెక్కపెట్టి చల్లండి. సగటు 20. ఈసారి ఖాళీ గడి కనబడడం కష్టం. చాలా గళ్లలో 16కూ 24కూ మధ్య ఉంటాయి.

మొదటిసారి చల్లినప్పుడు ఖాళీ గళ్లు, నిండిన గళ్లు వరసగా వచ్చి ఏదో ఆకారంలా కనిపించిందా? చూసుకోండి. అదే మా డార్టర్!

ఫొటో తీసేటప్పుడే జాగ్రత్త

ఇప్పుడు నా తప్పేమిటో చెబుతాను. తెల్లపక్షికి పనికొచ్చే సలహాను అన్ని పక్షులకూ ఇచ్చాను. చీకటి జమ్ము ముందు నిలబడ్డ తెల్లకొంగకు వెలుగు తగ్గించాలి. మెరిసే నీటి ముందున్న నల్లపక్షికి ఒకటి రెండు మెట్లు పెంచాలి. వెనకనున్న నీళ్లు పూర్తిగా తెల్లబడినా నష్టం లేదు. మనకు కావలసింది పక్షి. ఫోనులో అయితే పక్షి మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరిపితే చాలు.

ఎంత పెంచాలో తెలియడానికి కెమెరాలో 'హిస్టోగ్రాం' అనే పటం ఉంటుంది. అది మీ తరగతి మార్కుల పటంలాంటిదే. ఎడమచివర సున్నా మార్కులవాళ్లు, అంటే పూర్తి చీకటి గళ్లు. కుడిచివర నూటికి నూరు, అంటే నిండిపోయిన గళ్లు. కావలసిన పక్షి కుడిగోడకు గుద్దుకోకుండా, వీలైనంత కుడివైపుకు ఉండేట్టు తీయాలి.

సూర్యుడు మన వీపు వెనక ఉంటే అన్నిటికంటే మేలు. ఉదయం ఎండ వాలుగా ఉన్నప్పుడు నీటి మీద పడి పైకి పరావర్తనం చెందిన కాంతి పక్షి పొట్ట కింది నీడను కూడా కాస్త నింపుతుంది. కదలకుండా నిద్రపోయే పక్షి అయితే, కెమెరాను స్టాండు మీద బిగించి 16 ఫొటోలు తీసి సగటు కట్టవచ్చు. నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎందుకు నాలుగో వంతో చెప్పగలరా?

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. వెలుగు చాలలేదని గూటి దగ్గరకు పడవ తోలమని అడగవద్దు, చప్పట్లు కొట్టి పక్షిని లేపవద్దు. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ వదిలేసినట్టే. ఫొటో రాకపోతే రాకపోయింది!

కంప్యూటరు ముందు

జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 'రా' ఫైలు అని ఇంకోటుంది. అది వండని బియ్యంలాంటిది. సెన్సరు చదివిన అంకెలు అందులో అట్లాగే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలు అయితే 16,384 మెట్లుంటాయి. నీడలు బాగు చేయడానికి అదే పనికొస్తుంది.

ముందుగా అసలు ఫైలు భద్రపరిచి నకలు మీద పని చేయండి. షాడోస్ మీటను కొంచెం కొంచెంగా జరపండి. బొమ్మ పాలిపోయినట్టయితే, కటిక చీకటిని నిర్ణయించే 'బ్లాక్స్' మీటను కాస్త కిందికి దించండి. పక్షి ఒక్కదాన్నే ఎంచుకుని వెలుగు పెంచే వీలుంటే ఇంకా మంచిది. పూర్వం చీకటిగదిలో ఫొటోలు కడిగేవాళ్లు కూడా ఇదే చేసేవారు. తీగ చివర అట్టముక్క కట్టి, కాగితం మీద ఆ భాగానికి పడే కాంతిని కొద్దిసేపు అడ్డుకునేవారు. అడ్డుకున్న చోటు తెల్లబడేది. చివరగా బొమ్మను నూటికి నూరు శాతం పెద్దది చేసి చూడండి. పక్షి చుట్టూ తెల్లటి అంచు వచ్చిందంటే మీట ఎక్కువ జరిపారన్నమాట. నాయిస్ తగ్గించే మీటను కూడా పొదుపుగా వాడండి. అది ఇసుకతోపాటు ఈకల్నీ తుడిచేస్తుంది.

మళ్లీ ఆటపాక

2024 జనవరిలో ఇంకోసారి వెళ్లాం, ఈసారి తెల్లవారుజామునే. మా కెమెరాలో రా ఫైలు కూడా ఉందని మెనూ అంతా వెదికితే అప్పటికి తెలిసింది. స్టాండు మీద ఒక డార్టర్ మావైపు వీపు పెట్టి కూర్చుంది. అదే కుర్రాడు వెలుగు ఒక మెట్టు పెంచి ఫొటో తీశాడు. నీడను కాస్త లాగితే వీపు మీద వెండిగీతలు, ఒంటితోపాటు వంపు తిరిగి కనబడ్డాయి. "ముందు కమ్మీ చూడండి మాస్టారూ" అన్నాడు వాడు. కమ్మీ మీద ఏమీ లేదు.

అయితే మొదటి రోజు పక్షి ఏది? ఇది దొరికింది గనక అదీ డార్టరే అయి ఉంటుందని రాయాలని అందరికీ మనసులో ఉంది. కాని ఆ రోజు ఫొటోలో దానికి సాక్ష్యం లేదు. ఇక రాదు కూడా. జాబితాలో '3' కొట్టేసి, ఆ కుర్రాడు తన చేత్తోనే ఇలా రాశాడు: 'డార్టర్లు 2. గుర్తించలేని నల్లపక్షి 1.'

మా జాబితాలో నాకు అన్నిటికంటే నచ్చిన వరస అదే.

ఆలోచించి చెప్పండి

1. సగటున 400 ఎలక్ట్రాన్లు పడే గళ్లలో ఎగుడుదిగుడు ఎంత శాతం?
2. వెలుగు 3 మెట్లు తగ్గిస్తే కాంతి ఎన్నో వంతు అవుతుంది?
3. పచ్చటి వరిచేలో నిలబడ్డ తెల్లకొంగను తీసేటప్పుడు వెలుగు పెంచాలా, తగ్గించాలా? ఎందుకు?